ఏడుగురు అప్పలకొండల్లో గవరమ్మ తాత ఎవరు?

ఎనిమిదేళ్ళపాటు గవరమ్మ రేవులో చివరి మనిషిగానే చేపలు కొంది. ముందొచ్చినా అంతే, వెనకొచ్చినా అంతే. నావలు ఒడ్డెక్కగానే ఆడాళ్ళంతా తట్టలు పట్టుకుని మూగుతారు. గవరమ్మ మాత్రం డీజిలు పీపాల పక్కన నిలబడాలి. అందరి తట్టలూ నిండి, వంజరాలూ పెద్ద చేపలూ పోయాక, మిగిలిన కవళ్ళో, కడుపు పగిలిన కానాగంతలో ఆమె తట్టలో పడేవి. పడేవి అన్నది ఊరికే అన్న మాట కాదు. చెయ్యి చెయ్యి తగలకూడదు కాబట్టి పైనుంచి విసిరేవాళ్ళు. ఒక్కో చేప గురితప్పి ఇసకలో పడితే, వంగి ఏరుకుని, కొంగుతో తుడిచి తట్టలో వేసుకునేది. ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. తట్ట నెత్తికెత్తుకుని బతు బస్తీ దాకా నడిచి, ఇంటింటికీ తిరిగి అమ్మేది. అక్కడివాళ్ళకి ఆమె మచ్ఛీవాలీ దీదీ. ఆ దీదీ తట్టలో చేప ఎందుకు నలిగి ఉంటుందో వాళ్ళెవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

విసిరినవాళ్ళు తెల్లవాళ్ళు కారు, జపాను సిపాయిలు కారు. తెలుగువాళ్ళు. ఆమె కులంవాళ్ళే.

సర్కారు వైజాగు వైపు పల్లెల నించి చేపలుపట్టే కుటుంబాల్ని ఈ కాలాపానీ దీవికి ఓడలో తెచ్చి కాలనీ కట్టించిన ఏడు, గవరమ్మ ముప్పయ్యేళ్ళ విధవరాలు. భర్త గురునాథం సర్కారు లాంచీలో ఖలాసీగా చేసి, జ్వరంతో పోయాడు. బ్రూక్షాబాద్‌లో తాతల నాటి చెక్క ఇల్లు, చుట్టూ కొంచెం నేల, నాలుగు పనస చెట్లు, వరసగా కొబ్బరి. ఇంట్లో ఒక్కగానొక్క కొడుకు పోలిరాజు. తెలుగు ఓడ వచ్చిందని విని ఆమె ఆనందానికి పట్టపగ్గాలు లేవు. తండ్రి పోయాక తనతో తెలుగు మాట్లాడే పెద్దవాళ్ళు లేరు. రెండు పెద్ద డేగిసాల అన్నం వండి, చేపల పులుసు పెట్టి, మనిషి చేత మోయించుకుని మరీ వెళ్ళింది. ఓడ దిగినవాళ్ళు కడుపునిండా తిన్నారు. ఎక్కడ వల వేస్తే పగడపు రాళ్ళకి చిరుగుతుందో, ఏ గాలికి నావ తియ్యకూడదో వాళ్ళకి చెప్పింది ఆమే. ఆరేళ్ళు ఆమెని అక్కా అన్నారు, అమ్మా అన్నారు.

ఆరో ఏడు పోలిరాజుకి కాలనీ పిల్లతో సంబంధం మాట వచ్చింది. ఆ పిల్ల కులపెద్ద బంగారురాజు మేనకోడలు. అంతే, అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకి: ఈ గవరమ్మ ఎవరు, ఈమె తాత ఈ దీవికి ఏ ఓడలో వచ్చాడు? సముద్రం అవతల దేశంలో పల్లె పెద్దలకి ఉత్తరం రాశారు. జవాబు వచ్చింది. జవాబు చూసి కులం కూర్చుంది. ఖైదీ సంతానం, పరకులపు ఆడదాని రక్తం, వీళ్ళతో ఇచ్చిపుచ్చుకోడాల్లేవు, నిప్పూ నీళ్ళూ లేవు అని కులం బుక్కులో కట్టు రాసి, వేలిముద్రలు వేశారు. అన్నం తిన్న చేతులే ఆ వేళ్ళు. పిలిచి చదివి వినిపించను కూడా లేదు. మర్నాడు రేవులో తట్ట ముందుకి చాపితే, "నువ్వక్కడ నిలబడు" అన్నారు. నిలబడింది.

పోలిరాజు నిలబడలేదు. రెండేళ్ళు పళ్ళు కొరుక్కుని, తరవాత అడవిపనిలో చేరి డిగ్లీపూర్ పోయాడు. అక్కడే రాంచీ కూలీల పిల్లని చేసుకున్నాడు. వాళ్ళకి కట్టుల్లేవు, బుక్కుల్లేవు. అమ్మని రమ్మని కబురు మీద కబురు పెట్టాడు. ఇల్లు వదిలి రానని ఆమె పట్టుపట్టింది. తాతని తలుచుకుని కాదు ఆ పట్టుదల. తాతంటే ఆమెకి మంట. నాయనమ్మ సుఖియా నేల అది. సుఖియా జబల్‌పూర్ వైపు మనిషి, తనూ ఖైదీయే. ఆడజైలులో ఖైదీలకి పెళ్ళిళ్ళు చేసే రోజుల్లో అప్పలకొండ అనే తెలుగు ఖైదీని చేసుకుని, బ్రూక్షాబాద్‌లో అడవి నరికి, ఆ పనసలు నాటింది. కొడుకు నూకయ్యకి మూడేళ్ళప్పుడు ఆ అప్పలకొండ తెప్ప కట్టుకుని, పెళ్ళాన్నీ బిడ్డనీ వదిలేసి, సముద్రం మీద పారిపోయాడని సుఖియా చెప్పింది. ఆ మాటే నూకయ్య గవరమ్మకి చెప్పాడు. ఏటా పెద్దలకి ఆకులేసి పెట్టేటప్పుడు ఆ ఇంట్లో అందరి పేరునా ఆకు పడేది, అప్పలకొండకి తప్ప. పారిపోయినోడికి కూడేటి అని నూకయ్య అనేవాడు. గవరమ్మా అదే పద్ధతి పట్టింది.

అలా నెత్తిన తట్టా గుండెలో మంటా మోసుకుంటూ ఆమె బతుకు గడిచిపోయేదే. అరవై ఎనిమిదిలో సర్వే వచ్చింది.

గొలుసులు లాగారు, రాళ్ళు పాతారు. గవరమ్మ చేతిలో కాగితం పెట్టారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. బతు బస్తీలో ఒక పంతులమ్మ చదివి చెప్పింది: నువ్వు ప్రభుత్వ భూమిని ఆక్రమించుకున్నావు, ఖాళీ చెయ్యకూడదంటే కారణం చూపించు అని. గవరమ్మ ఆక్రమణ అనే మాటని రెండుసార్లు చెప్పించుకుంది. తనకంటే ముందు పుట్టిన పనసచెట్టుని తనెలా ఆక్రమించిందో ఆమెకి అర్థం కాలేదు.

హియరింగుకి వెళ్ళింది. ఆఫీసరు కొత్తగా ఢిల్లీ నించి వచ్చినవాడు. ఫైలు మీంచి తలెత్తకుండా పేరడిగాడు. పేరు వినగానే తలెత్తాడు.

"తెలుగా? తెలుగువాళ్ళంతా యాభై అయిదు తరవాతే వచ్చారు. ఫిషర్‌మెన్ స్కీమ్. నువ్వు అంతకుముందు ఎలా వచ్చావు?"

తను రాలేదనీ, ఇక్కడే పుట్టాననీ, తండ్రి కూడా ఇక్కడే పుట్టాడనీ, తాతని ఖైదీగా తెచ్చారనీ హిందీలో చెప్పింది. ఆఫీసరు నవ్వాడు. నేల కోసం ఈ మధ్య అందరికీ ఖైదీ తాతలు పుట్టుకొస్తున్నారన్నాడు. రుజువేదన్నాడు. ఖైదీ నంబరెంత, తండ్రి పేరేంటి, ఏ ఊరు, ఏ సంవత్సరం? ఆమెకి ఒక్క ముక్క తెలుసు: అప్పలకొండ. నూకయ్య ఉండి ఉంటే ఇంకేమైనా చెప్పేవాడేమో. యుద్ధంలో జపానువాళ్ళు దీవిని పట్టుకున్న కాలంలో అతను ఆకలితో పోయాడు.

చూశారా న్యాయం! కాలనీలో ఆమె ఖైదీ సంతానం, కాబట్టి తట్టలో చేప విసిరెయ్యాలి. ఆఫీసులో ఆమె ఖైదీ సంతానం కాదు, కాబట్టి ఇంట్లోంచి విసిరెయ్యాలి. ఒకే మనిషి, ఒకే తాత. కులానికి కావలసినప్పుడు ఆయన ఉన్నాడు, సర్కారుకి అక్కర్లేనప్పుడు ఆయన లేడు. పెద్ద జైలు గోడల మీద దేశభక్తుల పేర్లు రాయాలని నాయకులు ఉపన్యాసాలిస్తున్నారు. రాయండి, ఎవరూ వద్దనరు. ఆ గోడకి ఇటుకలు కాల్చినవాళ్ళ పేర్లు ఎక్కడ రాస్తారు? దొంగలూ, ఖూనీకోర్లూ, కోపిష్ఠులూ, బీదవాళ్ళూ, చీకట్లో సంతకం పెట్టేసిన అమాయకులూ, వేలమంది. ఈ ఊరి రోడ్డు వాళ్ళది, రేవు వాళ్ళది, చెరువు వాళ్ళది. వాళ్ళ మనవరాలు తన తాత పేరు చెబితే ఆఫీసరుకి నవ్వొస్తుంది.

రికార్డు గదిలో గణేశ్వరరావు అనే గుమాస్తా ఉన్నాడు. కాకినాడవాడు, భయస్తుడు. ఎవరైనా గట్టిగా దగ్గితే లేచి నిలబడే రకం. గవరమ్మ అక్కడికి పదకొండుసార్లు తిరిగింది. మొదటి పదిసార్లూ అతను జపానువాళ్ళు తగలబెట్టేశారమ్మా అన్నాడు. పదకొండోసారి, ఆమె మాట్లాడకుండా గుమ్మంలో కూర్చుంటే, కొన్ని మిగిలాయని ఒప్పుకున్నాడు. చెదలు తిన్నవీ, తడిసి అంటుకుపోయినవీ. అవి పేర్ల వరసలో ఉండవు, నంబర్ల వరసలో ఉంటాయి. మనిషికి పేరు ఎందుకుంటుంది ఆ పుస్తకాల్లో! అయినా వెతికి పెట్టాడు. వెతికి తలపట్టుకున్నాడు.

"దీదీ, వైజాగు జిల్లా అప్పలకొండలు ఏడుగురున్నారు. ఇందులో మీ తాత ఎవరని రాయను?"

ఆ తప్పు గుమాస్తాది కాదు. సింహాద్రి అప్పన్న కొండ కింద ఇంటికో అప్పలకొండ. ఒకడు దొంగనోట్లవాడు, ఒకడు దారికొట్టినవాడు, ముగ్గురు ఖూనీలు, ఇద్దరి నేరం దగ్గర చెదపురుగు తినేసింది. పెళ్ళీ నేలా రాసిన పుస్తకాలు వేరే, తడిసి అట్టకట్టినవి, నంబరు తేలితేనే ఆ పేజీ విడదీయగలడు; తండ్రి పేరూ ఊరూ తెలిస్తే నంబరు ఒక్క పూటలో తేలుస్తానన్నాడు. అవి తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరున్నారని గవరమ్మ ఇంటికొచ్చేసింది.

ఉన్నారు. రేవులో ఉన్నారు.

గవరమ్మ నేల ఖాళీ అయితే కాలనీలో పెరిగిన కుటుంబాలకి ఇళ్ళస్థలాలుగా ఇమ్మని బంగారురాజు అప్పటికే దరఖాస్తు పెట్టేశాడు. ఆమె ఆఫీసుల చుట్టూ తిరుగుతోందని తెలిసి అతనికి ఒళ్ళు మండింది. ఒకరోజు పొద్దున్న, పది నావలవాళ్ళు చూస్తుండగా, డీజిలు పీపాల వైపు చూసి అందుకున్నాడు.

"ఏటే గవరా, మీ తాతెవుడో నీకే తెల్దని ఆఫీసరు నవ్వేడంట. నన్నడక్కపోయేవా? అప్పలకొండ, సోడిపల్లి ఎల్లయ్య కొడుకు. ఉప్పు జవాన్ని తెడ్డుతో కొట్టి సంపీసి సంకెళ్ళతో దిగినోడు. నీ వంశమంతా మా బుక్కులో బద్రంగా ఉంది. కాయితం కావాలేటి?"

అందరూ నవ్వారు. ఎనిమిదేళ్ళుగా తల వంచుకుని ఉన్న మనిషి ఆ రోజు తట్ట కింద పెట్టి, నవ్వుల మధ్యలోంచి నడిచి, అతని ముందుకొచ్చి నిలబడింది.

"ఏటన్నావు భయ్యా? ఎల్లయ్య కొడుకా? ఫిర్ సే బోల్‌నా."

 తనేం ఇచ్చేశాడో బంగారురాజుకి అప్పుడు తెలిసింది. ఎల్లయ్యా లేడు పుల్లయ్యా లేడు పొమ్మన్నాడు. బుక్కు అడిగితే, బుక్కు కులానిది, వెలిపడ్డోళ్ళకి చూపించేది కాదన్నాడు. ఆ సాయంత్రమే బుక్కుని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడని రేవంతా చెప్పుకున్నారు. అతని భయం ఒక్క నేల గురించే కాదు. మనిషిని వెలివెయ్యడం నేరమని చట్టమొచ్చిందని అతనూ విన్నాడు. వేలిముద్రలతో సహా ఆ నేరం రాసిపెట్టుకున్న బుక్కు అది.

గవరమ్మ తాతగారి తండ్రి పేరు పట్టుకుని రికార్డు గదికి పరిగెత్తింది. గణేశ్వరరావు సంతోషించి, అంతలోనే నీరుగారిపోయాడు. రేవులో ఎవరో తిట్టారని ఫైల్లో రాస్తే ఆఫీసరు తననే తిడతాడు. ఆ ఏడుగురిలో ఎల్లయ్య కొడుకులు ఇద్దరున్నారు పైగా. సోడిపల్లి అన్నది ఇంటిపేరే, ఊరు కావాలి, సంవత్సరం కావాలి, రాసిన కాగితం కావాలి.

కాలనీలో సింహాచలమ్మ అనే ముసలమ్మ ఉంది. వెలి ఉన్నా లేకపోయినా గవరమ్మ దగ్గర పొగాకు తీసుకుని, దడి పక్కన చుట్ట కాల్చుకుంటూ మాట్లాడే మనిషి. వెలి నాకు కాదు, నా పొగాక్కి కాదు అనేది. ఆవిడ చెప్పింది దారి.

"బుక్కు వాడివ్వడే. వాడిచేత సదివించు. ఎలి ఎత్తీమని నువ్వడిగితే, ముందు ఎలి ఏసిన కాయితం అమ్మోరి ముందు మొత్తం సదవాల. సదవకండా ఎత్తకూడదు. మా తాతలకాడ్నించీ అంతే."

అంటే ఏమిటి? తప్పు చెయ్యని మనిషి తప్పు ఒప్పుకోవాలి. తడిబట్టతో, మెడలో వలతాడు వేసుకుని, తనకి అన్యాయం చేసినవాళ్ళ కాళ్ళ ముందు పడాలి. కట్టు ప్రకారం అదే పద్ధతి. గవరమ్మ రెండు రోజులు ఆలోచించింది. డిగ్లీపూర్‌లో కొడుక్కి తెలిస్తే తనని కొట్టినంత పని చేస్తాడని ఆమెకి తెలుసు. కబురు పెట్టలేదు.

నూకాలమ్మ పండగనాడు, కొత్త అమావాస్య మధ్యాహ్నం, కాలనీ అంతా అమ్మవారి పాక ముందు చేరింది. గవరమ్మ సముద్రంలో మునిగి, నీళ్ళు కారుతూ, మెడలో వలతాడుతో వచ్చింది. బంగారురాజుకి ముందు అనుమానం, తరవాత గర్వం. ఆఫీసులు తిరిగి తిరిగి చివరికి కాళ్ళ దగ్గరికే వచ్చింది కదా అనుకున్నాడు. పదిమందీ చూస్తున్నారు, అమ్మవారు చూస్తోంది. కాదంటే పెద్దరికం నిలవదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, వెలి ఎత్తమని మూడుసార్లు అడిగింది. బుక్కు తెచ్చారు.

తెచ్చాక చిక్కు వచ్చింది. చదివేవాడేడీ? ఆ కట్టు రాసిన పంతులు దేశం వెళ్ళిపోయి ఏళ్ళయింది. బంగారురాజుది వేలిముద్ర. కుర్రాళ్ళని పిలిస్తే, హిందీ బడిలో చదువుకున్నవాళ్ళు ఆ గొలుసుకట్టు తెలుగు రాత చూసి, ఇదేం రాత మావా, పురుగులు పాకినట్టుందని నవ్వి తప్పుకున్నారు. ఒకడు మొదటి మాట కూడబలుక్కునేసరికి పది నిమిషాలు పట్టింది. అప్పుడు పండగ చూడ్డానికి వచ్చిన తెలుగు బాబు ఒకాయన, చెమటలు తుడుచుకుంటూ, నేను చదువుతానండీ అన్నాడు. ఆయన వచ్చింది గవరమ్మ కోసమేనని సింహాచలమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. ఆ భయస్తుడు గణేశ్వరరావు బతుకులో ఒక్కసారి ధైర్యం చేసింది ఆ పూటే.

కట్టు చదివాడు. దానికి అంటించిన దేశపు ఉత్తరం చదివాడు. సోడిపల్లి ఎల్లయ్య రెండో కొడుకు అప్పలకొండ, భీమిలి దిగువన ఫలానా పల్లె. పద్దెనిమిదివందల ఎనభై ఏడు. ఆడాళ్ళు చేపలకి ఉప్పు వెయ్యడానికి చవిటిమట్టి గీసి తెచ్చుకుంటే, సర్కారు ఉప్పు పన్నుకి కాపలా కాసే ఉప్పు జవాను వచ్చి కుండలు తన్ని, ఒకామె జుట్టు పట్టుకున్నాడు. అప్పలకొండ తెడ్డుతో కొట్టాడు. జవాను చచ్చిపోయాడు. వైజాగు కోర్టులో ద్వీపాంతరం, జన్మఖైదు.  చివరి వాక్యాలు గణేశ్వరరావు వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివాడు. "తాను క్షేమమనియు, సుఖియాను పెండ్లి యాడితిననియు, తల్లికి చెప్పుమనియు తొంబది ఎనిమిదో సంవత్సరమున అతని ఉత్తరము వచ్చినది. పరకులపు స్త్రీ గనుక కులము వారు జవాబు ఇవ్వలేదు."

 ఆడాళ్ళ ఉప్పు కోసం ఒకడు జన్మఖైదుకి పోయాడన్న సంగతి ఆ కట్టులోనే ఉంది, ఆ వేలిముద్రల పైనే ఉంది. ఎనిమిదేళ్ళుగా ఎవరూ చదవనే లేదు. గణేశ్వరరావు అన్నీ ఒక కాగితం మీద ఎక్కించుకుని, నకలని రాసి, ఇద్దరు పెద్దల చేత వేలిముద్రలు కూడా వేయించుకున్నాడు. పండగ సంబరంలో వాళ్ళు అదీ కట్టులో భాగమే అనుకుని వేసేశారు.

బంగారురాజు రాగిచెంబుతో నీళ్ళు చాపాడు. అవి తాగితే మళ్ళీ కులంలో మనిషి. గవరమ్మ మెడలో తాడు తీసి, చుట్టచుట్టి, అమ్మవారి గద్దె మీద పెట్టింది.

"నీళ్ళొద్దు భయ్యా. నాక్కావలసింది సదివీసినారు. బస్."

తడిబట్టతోనే బ్రూక్షాబాద్ నడిచి వెళ్ళింది.

మూడోరోజున అప్పలకొండ దొరికాడు. ఏడుగురిలో అయిదోవాడు. నంబరు పన్నెండు వేల ఆరువందల పద్నాలుగు. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. కుడి మోచేతి మీద పాత గాటు. వృత్తి చేపలు. పదేళ్ళు ఇటుకల బట్టీలో పని. తొంభై ఎనిమిదిలో సొంతంగా బతకడానికి టికెట్టు, బ్రూక్షాబాద్‌లో నేల, ఖైదీ స్త్రీ సుఖియాతో పెళ్ళి. ఇంతవరకూ గణేశ్వరరావు హుషారుగా చదివాడు. తరవాత పేజీ తిప్పి ఆగాడు. చదవమంది గవరమ్మ.

పంతొమ్మిది వందల నాలుగు, జూన్. ఖైదీల మీద పెత్తనం చేసే జమాదారుని కొట్టినందుకు టికెట్టు రద్దు. వైపర్ దీవిలో సంకెళ్ళు. ఎందుకు కొట్టావంటే ఖైదీ చెప్పినది ఒక్క వరసే రాశారు: నేను లేనప్పుడు వాడు నా ఇంట్లోకి వెళ్ళాడు. దాని పక్కన ఇంకో చేతిరాత: నమ్మదగినది కాదు. అదే ఏడు నవంబరు తొమ్మిది, రక్తవిరేచనాలతో మృతి. పూడ్చిపెట్టిన చోటు రాయలేదు.

మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు.

"పారిపోలేదన్నమాట" అంది.

సుఖియా ఎందుకు అబద్ధం చెప్పిందో ఏ రిజిస్టరులోనూ ఉండదు. సంకెళ్ళలో చచ్చాడని చెప్పేకంటే, నాన్న సముద్రం అవతల ఎక్కడో ఉన్నాడని మూడేళ్ళ పిల్లాడికి చెప్పడం సులువనుకుందేమో. లేక ఆ జమాదారు మాట నోటితో అనలేకపోయిందేమో. ఆ అబద్ధం కింద ఒక మనిషి అరవై అయిదేళ్ళు తిట్లు తిన్నాడు, సొంత కొడుకు చేతా, సొంత మనవరాలి చేతా. అప్పలకొండ దేశభక్తుడు కాదు. ఒక మనిషిని చంపాడు, దాన్ని దాచక్కర్లేదు. కానీ రెండుసార్లు చెయ్యెత్తాడు, రెండుసార్లూ ఒక ఆడమనిషి మీద పడ్డ చేతిమీద ఎత్తాడు. ఆ సంగతి ఆయన మనవరాలికి తెలియడానికి ఇన్నేళ్ళు ఎవరు అడ్డుపడ్డారో ఒక్కొక్కరూ తమని తాము అడగాలి.

ఆ మధ్యాహ్నం గవరమ్మ ఇంట్లో ఆకు వేసింది. తిథీ లేదు, బ్రాహ్మడూ లేడు. అన్నం, కవళ్ళ పులుసు పెట్టి, పేరు గట్టిగా చెప్పింది.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. రెండో హియరింగులో ఆఫీసరు కాగితాలన్నీ చూశాడు. ఈసారి నవ్వలేదు, అదొక్కటే మెరుగు. ఠీక్ హై, నీ తాత ఖైదీయేనని ఒప్పుకున్నాడు. ఆ వెంటనే అదే కాగితం మీద వేలు పెట్టాడు. టికెట్టు రద్దయింది కదా? టికెట్టు రద్దయితే దానితో ఇచ్చిన నేల కూడా సర్కారుకి వచ్చేసినట్టే కదా? అంటే పంతొమ్మిది వందల నాలుగు నించీ మీ కుటుంబం ఆక్రమణలోనే ఉంది.

తెల్లదొర రాసిన శిక్షని, తెల్లదొర పోయి ఇరవై రెండేళ్ళయ్యాక, మన ఆఫీసరు అమలు చేస్తున్నాడు. గవరమ్మ ఆ గదిలో ఒక్క మాటే అంది.

"సాబ్, మా తాతని సంపినోళ్ళు కూడా మా నాయనమ్మని ఆ ఇంట్లోంచి లేపలేదు. మీరు లేపుతన్నారు."

ఆఫీసరు దాన్ని రాసుకోలేదు. ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చన్నాడు. జపానువాళ్ళు రాకముందు ఆ నేల సుఖియా చేతిలో, నూకయ్య చేతిలో సాగులో ఉండగా కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరు సాక్ష్యం చెప్పాలన్నాడు. గణేశ్వరరావుకి వారం తిరక్కుండా కార్ నికోబార్ బదిలీ అయింది. ఎందుకని అడక్కండి, అతనూ అడగలేదు. బ్రూక్షాబాద్‌లో పాత ఇళ్ళవాళ్ళకి తెలుసు, అందరికీ తెలుసు. కానీ వాళ్ళ కాగితాలూ అంతంతమాత్రమే, నోరు విప్పితే గొలుసు తమ దొడ్లోకి వస్తుందని తలుపులేసుకున్నారు. సింహాచలమ్మ వస్తానంది. ఆమె ఓడ దిగింది యాభై అయిదులో, ఆమె సాక్ష్యం చెల్లదు. పోలిరాజు డిగ్లీపూర్ నించి వచ్చి, తల్లి పక్కన కూర్చుని, ఏమీ తోచక పనస కొమ్మలు నరుకుతున్నాడు.

ఇది చదువుతున్నవాళ్ళతో ఉన్న పని ఇది. కాలనీవాళ్ళు ముందు ఆ స్థలాల దరఖాస్తు వెనక్కి తీసుకోండి. మీ పేరు మీద పెట్టారు, మీ వేలిముద్రలే ఉన్నాయి, మీరే తీసుకోగలరు. భీమిలి నించి కళింగపట్నం దాకా ఒడ్డున ఉన్నవాళ్ళు మీ కులపెద్దల బుక్కులు ఒకసారి తెరవండి. కాలాపానీ నించి వచ్చి, జవాబివ్వకుండా వదిలేసిన ఉత్తరాలు వాటిలో ఇంకా ఉంటాయి. ఊరూ తండ్రిపేరూ సంవత్సరమూ ఎత్తి రాసి పంపండి. ఇక్కడ రికార్డు గదిలో మిగతా ఆరుగురు అప్పలకొండలూ అలాగే పడి ఉన్నారు, వాళ్ళ మనవలు ఏ రేవులో చివర నిలబడ్డారో ఎవరికీ తెలీదు. ఆ రిజిస్టర్లు గుమాస్తా దయ మీద కాకుండా అడిగినవాళ్ళందరికీ చూపించాలని మీ ఎం.పీ.కి రాయండి, మీ పేరు పెట్టి రాయండి.

అన్నిటికంటే ముందు, మీలో ఎవరైనా, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా, జపానువాళ్ళు రాకముందు బ్రూక్షాబాద్‌లో ఆ దొడ్డి పక్క దారిన నడిచినవాళ్ళుంటే, సుఖియా పొలంలో కూలికి వెళ్ళినవాళ్ళుంటే, వచ్చే నెల ఇరవై రెండున, ఆమె అప్పీలు విచారణ రోజున, పొద్దున్న పదిన్నరకి ఆఫీసుకి రండి. తెలుగే రానక్కర్లేదు, ఏ భాషలో చెప్పినా చెల్లుతుంది. ఇద్దరు చాలు. ఇంకా ఒక్కరూ రాలేదు.